ఫిట్టింగ్ ఉచితం, బాధ్యత ఎవరిది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కార్ డెకార్స్ యజమానులకు, ఫిట్టింగ్ మాస్టర్లకు, వారికి సరుకు పంపే డిస్ట్రిబ్యూటర్లకు

అయ్యలారా,

 మీ బిల్లుల అడుగున ఈమధ్య ఒక రబ్బరు ముద్ర కనబడుతోంది. 'ఫిట్టింగ్ ఉచితం. వైరింగ్‌కు గ్యారంటీ లేదు.' కారులో బిగించే ఊఫర్‌కు ఏడాది వారంటీ ఇస్తారు. యాంప్లిఫయర్ కార్డు మీద సంతకం పెట్టి ఇస్తారు. ఆ రెంటినీ బ్యాటరీతో కలిపే తీగ దగ్గరికొచ్చేసరికి మాకు సంబంధం లేదంటారు. అన్నిటికంటే సులువుగా నిప్పు రాజుకునేది ఆ తీగ దగ్గరే. దానికి మీరు పూచీ పడకపోతే ఎవరు పడాలి? బండి యజమానా? ఆ తీగ ఏ కార్పెట్ కింద నుంచి పోయిందో కూడా ఆయనకు తెలియదు. ప్లాస్టిక్కులు ఊడదీసింది మీరు, తీగ లాగింది మీరు, మళ్లీ ఏమీ జరగనట్టు మూసింది మీరు.

నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. పొద్దున్నే సెల్ఫ్ తిరగకపోయినా, డిక్కీలోంచి కమురు వాసన వచ్చినా, మీరు బిగించిన బండి చివరికి నాలాంటివాడి దగ్గరికే చేరుతుంది. బాస్ అంటే గిట్టక ఈ ఉత్తరం రాయడం లేదు. కంపెనీ స్పీకర్లలో వినపడకుండా పోయిన బాస్ గిటారును ఇళయరాజా పాటల్లో మొదటిసారి విన్నవాడి ఆనందం నాకు తెలుసు. తమన్ నేపథ్య సంగీతానికి డిక్కీ అదరాలని పాతికేళ్ల కుర్రాడు కోరుకుంటే తప్పేముంది? కష్టపడి కూడబెట్టిన డబ్బుతో వస్తాడు, మీ మాట నమ్మి తాళంచెవి మీ చేతిలో పెడతాడు. ఆ నమ్మకానికి మీరిస్తున్నదేమిటన్నదే నా ప్రశ్న.

ఈమధ్య నా దగ్గరికొచ్చిన ఒక చిన్న కారు సంగతి చెబుతాను. బానెట్ ఎత్తితే బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు ఎర్ర మెయిన్ వైరు నేరుగా బిగించి ఉంది. మధ్యలో ఫ్యూజు హోల్డర్ లేదు. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకులో కంపెనీవాడు వేసిన రబ్బరు గ్రోమెట్‌ను కత్తితో చీల్చి, ఆ చీలికలోంచి వైరును లోపలికి తోశారు. చీలిన రబ్బరు పక్కకు జరిగిపోయింది. రేకు అంచు వైరు మీద ఆనింది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆ అంచు వైరు తొడుగును కోస్తూనే ఉంది. నేను టార్చి వేసి చూసేసరికి లోపలి తీగలు మెరుస్తున్నాయి. ఇంకొన్నాళ్లు తిరిగి ఉంటే తీగ రేకుకు తగిలేది.

బిగించిన మాస్టరుకు ఫోన్ చేశాను. 'యాంప్లిఫయర్‌లోనే రెండు ఫ్యూజులు ఉన్నాయి కద గురువుగారూ, మళ్లీ బయట ఎందుకు?' అన్నాడు. అతని గొంతులో మోసం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. అతనికి పని నేర్పినవాళ్లూ అలాగే నమ్మి ఉంటారు. మీ దుకాణాల్లో ఈ మాట నాకు ఇన్నిసార్లు వినపడింది కాబట్టే దీన్ని కాస్త వివరంగా చెప్పక తప్పడం లేదు.

యాంప్లిఫయర్ ఒంటి మీద ఉన్న ఫ్యూజులు యాంప్లిఫయర్ కోసం. లోపల ఏదైనా దెబ్బతిని ఎక్కువ కరెంటు లాగితే అవి పోతాయి. కానీ బ్యాటరీ నుంచి డిక్కీ దాకా దాదాపు ఐదు మీటర్ల తీగ ఉంది. అది దారి మధ్యలో బాడీకి తగిలితే కరెంటు డిక్కీ దాకా వెళ్లదు. తగిలిన చోటే బాడీలోకి దిగి బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగొస్తుంది. యాంప్లిఫయర్ ఫ్యూజుల గుండా ఒక్క ఆంపియర్ కూడా పోదు. అవి నిక్షేపంగా ఉంటాయి, తీగ మాత్రం కాలిపోతుంది. 12 వోల్టులే కదా, ముట్టుకుంటే షాకు కొట్టదు, నిజమే. కానీ సెల్ఫ్ మోటారుకు వందల ఆంపియర్లు ఇవ్వగలిగిన బ్యాటరీ అది. అంత కరెంటూ ఆ తీగలోకి దూకితే పీవీసీ తొడుగు కరిగి, కింద కార్పెట్, పక్కన కంపెనీ వైరింగు అంటుకోవడానికి ఎంతసేపు కావాలి? అందుకే ఫ్యూజు బ్యాటరీ దగ్గర ఉండాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది, ఎట్టి పరిస్థితుల్లోనూ 45 సెంటీమీటర్లు దాటకూడదు. దాని సైజును తీగ మందాన్ని బట్టి ఎంచాలి. 8 గేజ్ రాగి తీగకు 50, 60 ఆంపియర్లు. 4 గేజ్‌కు 100 చుట్టుపక్కల. పోయిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టి పంపడం ఫిట్టింగ్ కాదు. ఆ బండికి అగ్గి అమర్చడమే.

ఇంకో సంగతి మీలో ఎంతమంది ఆలోచించారో నాకు అనుమానమే. తాళం తీసేస్తే రేడియో ఆగుతుంది, యాంప్లిఫయర్ ఆగుతుంది. మెయిన్ వైరు మాత్రం ఆగదు. రాత్రీ పగలూ, బండి నడుస్తున్నా నిలబడి ఉన్నా, దానిలో బ్యాటరీ వోల్టేజి ఉంటూనే ఉంటుంది. ఆ బండి రాత్రిపూట ఎక్కడ నిలబడి ఉంటుంది? అపార్ట్‌మెంటు సెల్లార్లో. అటూ ఇటూ జానెడు దూరంలో పక్కవాళ్ల కార్లు, వెనక బైకులు, మూలన వాచ్‌మన్ కుటుంబం ఉండే గది, పైన ఐదంతస్తుల్లో నిద్రపోతున్న జనం. వాళ్లెవరూ మీ దగ్గర ఊఫర్ కొనలేదు. వాళ్లెవరికీ మీ ముద్ర సంగతి తెలియదు. 'గ్యారంటీ లేదు' అని మీరు ఎవరితో ఒప్పందం చేసుకున్నట్టు?

తీగ మందం మాటకొద్దాం. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ క్లాస్ ఏబీ యాంప్లిఫయర్ నిండు సౌండులో బ్యాటరీ నుంచి సుమారు 65 ఆంపియర్లు లాగుతుంది. 55 వాట్ల హెడ్‌లైటు బల్బు తీసుకునేది నాలుగు. అంటే పదహారు హెడ్‌లైట్ల భారం ఒక్క తీగ మీద. క్లాస్ డీ రకమైతే 45 దగ్గర ఆగుతుంది, అదీ తక్కువేం కాదు. ఇంత కరెంటు మోయాల్సిన చోట మీ కిట్లలో వస్తున్న తీగను బ్లేడుతో గీరి చూశారా? పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. రాగి పూత పూసిన అల్యూమినియం అదే మందం రాగి తీగ మోసేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులే మోయగలదు. చేత్తో పట్టుకుంటేనే దాని తేలిక తెలిసిపోతుంది. స్క్రూ కింద బిగిస్తే కొన్ని నెలలకు నలిగి వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి ఆ చివరలు తెల్లగా పొడిపొడి అయిపోతాయి. అసలైన రాగికి కళాయి పూసిన తీగ పైకి తెల్లగా కనిపిస్తుంది గనుక తొందరపడి దాన్ని తప్పు పట్టొద్దు. గీరితే లోపల ఎర్రగా కనబడాలి, అంతే.

డిస్ట్రిబ్యూటర్లను ఇక్కడే అడగాలి. రబ్బరులా లావుగా తొడుగు పోసి, లోపల సన్నటి తీగ పెట్టి, పైన '4 గేజ్' అని అచ్చేసిన కిట్లను మీరు ఏ మనసుతో పంపుతున్నారు? 4 గేజ్ అంటే 21 చదరపు మిల్లీమీటర్ల లోహం ఉండాలి. ఇంటి వైరింగ్‌కు కొనే తీగ మీద ఎన్ని చదరపు మిల్లీమీటర్లో ముద్రించి ఉంటుంది, ఐఎస్ఐ గుర్తు ఉంటుంది. ఫ్యాను వేసుకునే తీగకు ఉన్న లెక్క, పిల్లలు కూర్చునే వెనక సీటు పక్కగా పోయే తీగకు వద్దా? డబ్బాల మీద వాట్ల అంకెలూ ఇంతే. 2000 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అదే యాంప్లిఫయర్ పక్కన చూస్తే 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండు. 40 ఆంపియర్లను 14 వోల్టులతో గుణిస్తే 560 వాట్లు. లోపలికి వెళ్లేదే అంత అయితే బయటికి 2000 ఎలా వస్తుంది? ఆ ఫ్యూజు నిజం చెబుతోంది, డబ్బా చెప్పడం లేదు. డబ్బా నమ్మిన కుర్రాడు 2000 వాట్లు రావడం లేదేమని సౌండు చివరిదాకా తిప్పుతాడు, ఊఫర్ కాయిల్ కాలుతుంది.

సామాను పాడవడానికి ఇంకో దారి కూడా మీ చేతుల్లోనే ఉంది. 4 ఓమ్స్ కాయిళ్లు రెండున్న ఊఫర్‌ను ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్స్ అవుతుంది, సిరీస్‌లో కలిపితే 8. రెండు ఛానెళ్లను బ్రిడ్జ్ చేసినప్పుడు కనీసం 4 ఓమ్స్ ఉండాలని చాలా యాంప్లిఫయర్ల మీద రాసే ఉంటుంది. అది చదవకుండా 2 ఓమ్స్‌కు కలిపి ఇస్తున్నారు. ఎందుకంటే మొదటిరోజు సౌండు బాగా కొడుతుంది, కస్టమరు సంతోషంగా వెళ్తాడు. వారం తిరిగేసరికి యాంప్లిఫయర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, ప్రొటెక్షన్ లైటు ఎర్రగా వెలిగి ఆగిపోతుంది. అప్పుడు మీరేమంటున్నారు? 'సౌండ్ ఎక్కువ పెట్టారు సార్, వారంటీ రాదు.' మల్టీమీటరు రెండు తీగల మీద పెట్టి చూడటానికి నిమిషం పట్టదు. 4 ఓమ్స్ కాయిల్ మూడున్నర దగ్గర చూపిస్తుంది, 2 ఓమ్స్‌కు కలిపితే ఇంచుమించు అందులో సగం. ఆ నిమిషం మీరు పెట్టలేదు, నష్టం మాత్రం కస్టమరుది.

ఎర్త్ గురించి ఒక్కటే అడుగుతాను, దీని మీద నాకు కోపం ఆగడం లేదు. సీటు బెల్టు బోల్టు విప్పి, దాని కింద ఎర్త్ లగ్గు పెట్టి మళ్లీ బిగించే అలవాటు ఎవరు మొదలుపెట్టారు? దగ్గరగా గట్టి ఇనుము దొరికిందని అనుకుంటున్నారు. ప్రమాదం జరిగిన క్షణంలో మనిషి బరువంతా ఆపేది ఆ బోల్టే. కంపెనీలో కొలిచి బిగించిన దాన్ని మీరు చేతికొచ్చినంత బిగించి వదిలేస్తే, మధ్యలో ఒక లగ్గు ఇరికిస్తే, అది రేపు పట్టు నిలుపుతుందని మీరు చెప్పగలరా? డిక్కీలో రేకు మీద వేరే చోటు చూసి, పెయింటు మెరిసేదాకా గీకి, మెయిన్ వైరు ఎంత మందమో అంతే మందం తీగతో, అరమీటరు లోపు ఎర్త్ ఇవ్వండి. బోల్టు కోసం డ్రిల్లు పెట్టేముందు బండి కిందికి వంగి చూడండి. చాలా చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది. తలుపు అంచుల ప్లాస్టిక్కులు ఊడదీసేటప్పుడు పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న తీగలు కనబడితే వాటి జోలికి పోవద్దు. అవి ఎయిర్‌బ్యాగులవి.

సీఎన్‌జీ బండ్ల సంగతి మరీ దారుణంగా ఉంది. సిలిండరు డిక్కీలో ఉంటుంది, 200 బార్ల దాకా ఒత్తిడితో గ్యాసు నింపుతారు. మీరు అదే డిక్కీలో సిలిండరు పక్కన మిగిలిన సందులో యాంప్లిఫయర్ బిగిస్తున్నారు. సిలిండరు ఫ్రేముకే స్క్రూ కొట్టిన బండిని నేను చూశాను. మూసిన డిక్కీలో జాయింటు దగ్గర రవ్వంత లీకు, పక్కనే వదులుగా ఉన్న టెర్మినల్‌లో చిన్న నిప్పురవ్వ. ఇంకా ఏం కావాలి? డిక్కీలో సిలిండరున్న బండికి అక్కడ యాంప్లిఫయర్ బిగించం అని మీ సంఘాలు ఒక్క మాట మీద నిలబడలేవా? ముందు సీటు కింద పట్టే సన్నటి ఊఫర్లు బజారులో ఉన్నాయి. అవి చూపించండి. ఒప్పుకోని కస్టమరును వెనక్కి పంపండి. ఆ రోజు మీకు వ్యాపారం తగ్గుతుంది, నిజమే.

మీ వాదన నాకు తెలుసు. సామాను ఆన్‌లైన్‌లో కొనుక్కొచ్చి ఫిట్టింగ్ మాత్రమే చేయమంటున్నారు, పక్క దుకాణంవాడు ఉచితం అంటున్నాడు, మేము డబ్బులు అడిగితే అటు పోతారు అంటారు. ఈ ఇబ్బంది అబద్ధమని నేను అనను. కోఠి గుజరాతీ గల్లీలో, రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఆ పోటీ ఎలా ఉంటుందో అందరూ చూస్తున్నదే. కానీ ఉచితం అన్నాక జరుగుతున్నదేమిటి? పని నేర్చుకుంటున్న కుర్రాడికి అప్పగిస్తున్నారు. గంటలో బండి బయటపడాలి, వెనక ఇంకోటి నిలబడి ఉంది. ఫ్యూజు హోల్డరు, మంచి లగ్గులు, గ్రోమెట్, స్లీవు, ఇవన్నీ వందల రూపాయల్లో అయ్యే వస్తువులు. ఉచితంగా చేసే పనిలో వాటికి చోటు ఉండదు. కూలి తీసుకోండి. నిలబడి అడిగి తీసుకోండి. చెయ్యి తిరిగిన పనికి కూలి అడగడం నామోషీ కాదు. తీసుకున్న కూలికి బిల్లు మీద పూచీ రాయండి. పనివాళ్లను ఐటీఐలో ఆటో ఎలక్ట్రికల్ చదివినవాళ్ల నుంచి తీసుకోండి, చదవని కుర్రాడైతే ముందు మల్టీమీటరు పట్టడం నేర్పి తర్వాత కట్టర్ ఇవ్వండి.

ఇక ఆ రబ్బరు ముద్ర మిమ్మల్ని కాపాడుతుందన్న భ్రమ మానండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 85వ సెక్షన్ చదివించుకోండి. చేసిన పనిలో లోపం ఉన్నా, ప్రమాదం జరగకుండా చెప్పాల్సిన జాగ్రత్తలు చెప్పకపోయినా, హాని జరిగితే ఆ సేవ అందించినవాడు బాధ్యుడని అందులో ఉంది. ఉచితం అన్నది పేరుకే, దాని ఖరీదు ఊఫర్ ధరలోనే కలిపి వసూలు చేశారని ఏ వినియోగదారుల కమిషన్‌కైనా చెప్పాలా? బిల్లే ఇవ్వకుండా తెల్లకాగితం మీద రాసిచ్చేవాళ్లకు కూడా ఆ చట్టంలోనే జవాబుంది. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికే వస్తుంది. బీమా విషయంలోనూ మీ బిల్లే కీలకం. బయట బిగించిన ఎలక్ట్రికల్ సామానును విలువతో సహా బీమా కంపెనీకి చెప్పి, అదనపు ప్రీమియం కట్టి, ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ కింద పాలసీలో చేర్పించుకుంటేనే దానికి రక్షణ ఉంటుంది. ఈ మాట కస్టమరుకు చెప్పేవాళ్లు మీలో ఎంతమంది? చెప్పకపోగా, విలువ లేని కాగితం చేతిలో పెడితే రేపు ఆయన బీమా కంపెనీకి ఏం చూపించుకోవాలి?

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. ప్రతి బిల్లు మీద మెయిన్ వైరు రాగిదో కాదో, ఎన్ని చదరపు మిల్లీమీటర్లో, బ్యాటరీ దగ్గర వేసిన ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో, ఊఫర్‌ను ఎన్ని ఓమ్స్‌కు కలిపారో రాయండి. బిగించిన మాస్టరు పేరు రాయండి. తాళంచెవి తిరిగిచ్చేముందు బానెట్ ఎత్తి ఆ ఫ్యూజును యజమానికి కళ్లారా చూపించండి. ముద్రను తీసేయండి.

దానికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఇప్పటికే ఫ్యూజు లేకుండా మీ దుకాణాల నుంచి వెళ్లిన బండ్లు రోడ్ల మీద తిరుగుతున్నాయి. వాటి యజమానుల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి. ఉగాదికి, దసరాకు ఆఫర్ల మెసేజీలు పంపుతూనే ఉన్నారు కదా. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద కుటుంబాలతో, సామానుతో నిండిన కార్లు బారులు తీరకముందే, అదే నంబర్లకు ఇంకో మెసేజీ పంపండి. మేము బిగించిన బండిని ఒకసారి తీసుకురండి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేకపోతే మా ఖర్చుతో వేసి ఇస్తాం అని. ఎవరెవరు పంపుతారు, ఎప్పుడు పంపుతారు?

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
విజయవాడ